బొంత వేడి పుట్టిస్తుందా?

తెల్లవారుజామున చలికి మెలకువ వస్తే మీరేం చేస్తారు? బొంత మరికాస్త పైకి లాక్కుని, కాళ్ళు ముడుచుకుని మళ్ళీ నిద్రపోతారు. ఎంత వెచ్చగా ఉందో అనుకుంటారు. సరే, లేచి ముఖం కడుక్కుని వచ్చాక, ఒక గంట ఆగి, అదే బొంత మడతలోకి చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటుంది. ఆ వెచ్చదనం ఎక్కడికి పోయింది? అసలెక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నే మా తొమ్మిదో తరగతిలో అడిగాను. మాది జంగారెడ్డిగూడెం. గోదావరి సీమ అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తుకొస్తాయి గాని, మాది మెట్ట. పొగాకు, ఆయిల్‌పామ్, మొక్కజొన్న పండే నేల. ఉత్తరంగా కొంత దూరం పోతే కొండలూ అడవీ. సంక్రాంతి ముందు పొద్దున్నే మంచు పడితే ఎదుట ఉన్న మనిషి కనిపించడు. అందుచేత చలి గురించి మా పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. ప్రశ్న వినగానే క్లాసంతా ఒక్క గొంతుతో, "బొంత వేడిగా ఉంటుందండీ" అంది.

"అయితే రేపు ఇంట్లో ఉన్న బొంతలు పట్టుకురండి" అన్నాను.

మర్నాడు దుప్పట్లు వచ్చాయి. పులిబొమ్మ ఉన్న దుప్పటి, గులాబీల దుప్పటి, ప్లాస్టిక్ సంచి కూడా విప్పని కొత్త దుప్పటి. బొంత మాత్రం ఒక్కటీ రాలేదు. "మా ఇంట్లో బొంతల్లేవండీ" అన్నారు అందరూ. నేను నమ్మలేదు. నలభై ఇళ్ళలో ఒక్క బొంత లేకుండా ఉంటుందా? ఉంది. కాని పాత చీరలూ పాత పంచెలూ కుట్టి చేసిన దాన్ని పదిమందిలో విప్పడానికి నామోషీ. బొంత అంటే లేనివాళ్ళ ఇంటి సామాను అని ఎవరో వాళ్ళకు నేర్పారు. నేనూ నా చిన్నప్పుడు, హాస్టల్లో, అమ్మ కుట్టిచ్చిన బొంతను ట్రంకుపెట్టె అడుగున దాచి చలికి వణికినవాణ్ణే. కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేదు.

మూడో రోజు ఒక అమ్మాయి ఎరువుల బస్తాలో చుట్టి ఒక బొంత తెచ్చింది. క్లాసు మొదలయ్యేదాకా బస్తా మూతి విప్పలేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలకు మా చుట్టుపక్కల కాలనీలు కట్టారు. ఆ పిల్లది అలాంటి ఒక కాలనీ.

మొదట ఐసు సంగతి చూశాం. ఐసు దుకాణం నుంచి ఒకే సైజు ముక్కలు రెండు తెప్పించి, ఒకదాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి బొంత చుట్టాం. రెండోదాన్ని అలాంటి సంచిలోనే పెట్టి ఊరికే పళ్ళెంలో ఉంచాం. బొంత వేడి పుట్టించేదే అయితే, బొంతలో ఉన్న ముక్క ముందు కరగాలి గదా? పీరియడు అయ్యేసరికి పళ్ళెంలోది నీళ్ళయిపోయింది. బొంతలోది ఇంకా గట్టిగానే ఉంది. చూశారా! చలి నుంచి మనల్ని కాపాడిన బొంతే ఎండ నుంచి ఐసును కాపాడింది. ఐసు దిమ్మలకు రంపపు పొట్టు వేసి, గోనెపట్టాలు కప్పి బళ్ళమీద తీసుకుపోవడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకటే.

అంటే బొంతకు వేడిని పుట్టించే శక్తి లేదు. ఉష్ణం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోకుండా అడ్డం పడుతుంది, అంతే. మరి పొయ్యి ఎక్కడుంది? మీలోనే! ఊరికే కూర్చున్న మనిషి శరీరం నుంచి సుమారు 100 వాట్ల చొప్పున ఉష్ణం బయటికి పోతూ ఉంటుంది. నిద్రలో అంతకంటే కొంచెం తక్కువ. పాతకాలపు పెద్ద బల్బు ఒకటి రాత్రంతా మీ మంచం మీద వెలుగుతున్నట్టే లెక్క. మీరు తిన్న అన్నమే దానికి కరెంటు. మీరు లేచి వెళ్ళిపోగానే బొంత చల్లబడడానికి కారణం కూడా ఇదే.

ఇంతకీ ఈ అడ్డం పడేది ఏమిటి? గుడ్డా? ఇక్కడ కొంచెం ఆగి అంకెలు చూద్దాం. ఒక పదార్థం తన గుండా ఉష్ణాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకెకు ఉష్ణవాహకత అని పేరు. మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లు అని చెబుతాం. అది ఇనుముకు సుమారు 80. నీటికి 0.6. కదలకుండా ఉన్న గాలికి 0.026 మాత్రమే. గాలితో పోలిస్తే నీరు ఇరవైమూడు రెట్లూ, ఇనుము మూడువేల రెట్లూ సులువుగా ఉష్ణాన్ని దాటిస్తాయన్నమాట. మనకు ఊరికే దొరికే పదార్థాలన్నిటిలో గాలిలాంటి అధమ వాహకం మరొకటి లేదు.

అయితే చలిలో గాలి మధ్యనే కదా ఉన్నాం, వెచ్చగా ఎందుకుండదు? "కదలకుండా ఉన్న" అన్నాను చూడండి, కిటుకంతా ఆ మాటలోనే ఉంది. ఒంటికి తగిలి వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాని చోటికి చల్లగాలి వస్తుంది. ఇది సంవహనం. గాలిని కదలనివ్వకుండా కట్టిపడేస్తే సంవహనం ఆగిపోతుంది. ఆ కట్టిపడేసే పనే నూలుపోగులు చేస్తాయి. పోగుకూ పోగుకూ మధ్య, పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలి అటూ ఇటూ కదలలేదు. మీరు కప్పుకునేది గుడ్డను కాదు, గుడ్డ పట్టి ఉంచిన గాలిని. బూరుగు దూది పరుపు అంత తేలిగ్గా ఉండి కూడా వెచ్చగా ఉండడానికి కారణమూ గాలే. బూరుగు పోగు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. పైన మైనపు పూత వంటిది ఉండడంవల్ల నీరు కూడా చప్పున అంటదు. అందుకే ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షక పట్టీలకు ఆ దూదే నింపేవారు.

ఉపగ్రహాల ఫొటోల్లో బంగారు రంగు రేకు చుట్టినట్టు కనిపిస్తుంది, గమనించారా? అదీ ఒక రకం బొంతే. అల్యూమినియం పూసిన పలుచని పొరలు పది, ఇరవై ఒకదానిపై ఒకటి వేసి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో వల వేస్తారు. అంతరిక్షంలో గాలి లేదు కనుక అక్కడ వికిరణాన్ని ఆపితే చాలు. పొరల సూత్రం మాత్రం మామ్మదే.

మీరే చేసి చూడండి

ఒకే రకం స్టీలు చెంబులు మూడు తీసుకోండి. మూడింటిలోనూ సమానంగా వేడినీళ్ళు పోసి మూతలు పెట్టండి. పెద్దవాళ్ళ సాయంతోనే పొయ్యండి. ఒకటి ఊరికే వదిలెయ్యండి. ఒకదానికి దుకాణంలో కొన్న దుప్పటి, ఒకదానికి బొంత చుట్టండి. అయిదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. బడిలోని ఆల్కహాలు థర్మామీటరు వాడండి గాని, జ్వరం చూసే థర్మామీటరు జోలికి పోకండి. అది వేడినీటికి పగిలిపోతుంది. మాకు ఎన్ని డిగ్రీలు వచ్చిందో నేను చెప్పను. చెబితే మీరు కొలవరు.

మా క్లాసులో మాత్రం బొంత గెలిచింది. బస్తాలో తెచ్చిన ఆ బొంతే. పులిబొమ్మ దుప్పటి తెచ్చిన కుర్రాడికి కోపం వచ్చింది. "ఇది అన్యాయం అండీ. దుప్పటి ఒక్క పొర. బొంత ఆరు పొరలు" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. సైన్సు చదివినవాడు అడగవలసిన ప్రశ్నే అది. దుప్పటిని బొంతంత మందం వచ్చేదాకా మడతలు పెట్టి, ప్రయోగం మళ్ళీ చేశాం. ఈసారి ఇంచుమించు రెండూ సమానమే వచ్చాయి! అంటే పులిబొమ్మకూ ఖరీదుకూ ఏమీ లేదు, పాత చీరలో మహిమా లేదు. కదలని గాలి ఎంత మందాన ఉంది అన్నదే లెక్క. బొంత చుట్టూ తాడు బిగించి కట్టి చూస్తే నీళ్ళు మరికాస్త త్వరగా చల్లారాయి. ఎందుకో మీకిప్పుడు తెలుసు. తడిపిన బొంత చుట్టిన చెంబు అన్నిటికంటే ముందు చల్లారింది. గాలి ఉండవలసిన సందుల్లో నీరు చేరింది. పైగా ఆ నీరు ఆవిరవుతూ ఉష్ణాన్ని లాక్కుపోయింది. నూలుకు తేమంటే ఇష్టం ఎక్కువ. పొడిగా కనిపించే వంద గ్రాముల నూలు గుడ్డలో కూడా మామూలు గాలితేమకు ఏడెనిమిది గ్రాముల నీరు ఉంటుంది. పాలియెస్టరులో అర గ్రాము కూడా ఉండదు. కనుక వానాకాలం పోటీ పెడితే పులిబొమ్మదే గెలుపు. నిజం నిజంగానే చెప్పుకోవాలి.

బొంత గెలిచాక ఆ అమ్మాయి దాన్ని బల్లమీద పూర్తిగా పరిచింది. అంతవరకు మడత విప్పలేదు. ముక్క ముక్కకూ ఒక పేరుంది. ఈ గళ్ళ లుంగీ తాతది. ఈ ఎర్రది అమ్మ పెళ్ళినాటి రవికె. ఈ పచ్చ ముక్క పాత ఊళ్ళో తిరునాళ్ళలో కొన్న చీర. వరద వచ్చినప్పుడల్లా ఆ ఊరు నీళ్ళలో ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మామ్మ తలుపుచెక్కలతో పాటు ఈ బొంతను కూడా ట్రాక్టరెక్కించిందట.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. "ఇది చాలా విలువైనదమ్మా. మన గ్రంథాలయంలో అద్దాల బీరువాలో పెడదాం. అందరూ చూస్తారు" అన్నాను. అమ్మాయి ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "మరి రాత్రికి నేనేం కప్పుకోవాలండీ?" అంది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఉష్ణవాహకత గురించి అరగంట చెప్పిన మేస్టారికి అసలు సంగతి తట్టలేదు. సాయంత్రం ఆ బొంత మళ్ళీ బస్తాలోనే ఇంటికి వెళ్ళింది.

అద్దాల బీరువా సంగతి వదిలేశాం గాని గ్రంథాలయం సంగతి నా బుర్రలో ఉండిపోయింది. మా పుస్తకాల గదిలో బీరువాలున్నాయి గాని కుర్చీలు తక్కువ. పిల్లలు గచ్చుమీద కూర్చుని చదువుకోవాలి. చలికాలంలో పది నిమిషాలు కూర్చోగానే లేచిపోతారు. గచ్చూ, దాని మీద పరిచిన గుడ్డా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. థర్మామీటరు పెట్టి చూడవచ్చు. అయినా గచ్చు చల్లగా తగులుతుంది. అది మన ఒంటి వేడిని చకచకా లాగేసుకుంటుంది గనక. ఇందుకు మందు బొంతే. క్లాసు మొత్తం కలిసి పుస్తకాల గదికి ఒక బొంత కుట్టాలని అనుకున్నాం.

బొంతతో పాఠం చెప్పడం మాతో మొదలు కాలేదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎలెన్ హార్డింగ్ బేకర్ అనే ఆవిడ ఉండేది. 1876 సంవత్సరాన్ని సూదితో రాసుకున్న ఆవిడ ఉన్ని బొంత మీద నడిమధ్య సూర్యుడు, చుట్టూ కక్ష్యల్లో గ్రహాలు, ఒక మూల పొడవాటి తోకతో తోకచుక్క ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసాలిస్తూ ఆవిడ దాన్ని పటంలా చూపించేదట. ఆ రోజుల్లో పెద్ద పటం అచ్చు వేయించడం మాటలా? ఇప్పుడా బొంత వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అప్పటికి తెలిసిన గ్రహాలు ఎనిమిది. 1930లో ప్లూటో వచ్చి తొమ్మిదయ్యాయి. 2006లో మళ్ళీ ఎనిమిదికే వచ్చాం. పాఠ్యపుస్తకాలు రెండుసార్లు దిద్దుకోవలసి వచ్చింది.

మా బొంతకు లెక్క వేశాం. అడ్డం ఆరు, నిలువు ఎనిమిది, మొత్తం 48 ముక్కలు. ఒక్కొక్కటి 12 అంగుళాల చదరం. తాను చదివిన ఒక పుస్తకంలోంచి ఒక బొమ్మను ప్రతివాళ్ళూ తమ ముక్క మీద కుట్టాలి. ఆరు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు వస్తుందని బోర్డు మీద దర్జాగా రాశాను. పైపొర కుట్టడం పూర్తయ్యాక కొలిస్తే వెడల్పు 66 అంగుళాలు, పొడవు 88! ఎవరో ఆరంగుళాలు కాజేసినట్టయింది. ఎవరు? కుట్టు. ముక్కకు ప్రతి అంచునా అర అంగుళం కుట్టులోకి పోతుంది. 12 కాస్తా 11 అవుతుంది. ఒక్కొక్క ముక్కకు 144 నుంచి 121 తీసెయ్యండి, 23 చదరపు అంగుళాలు నష్టం. 48 ముక్కలకు 1104. మొత్తం గుడ్డలో దాదాపు 16 శాతం! సైన్సు మేస్టారు లెక్క తప్పాడని తెలిసి లెక్కల మేస్టారు వారం రోజులు ఆనందించారు.

అప్పుడు ఆ అమ్మాయి మామ్మగారిని బడికి పిలిచాం. ఆవిడ అక్షరం ముక్క చదువుకోలేదు. పైపొర చూసి, "మూలలు కలవలేదు బాబూ" అంది. నిజమే, మా చదరాల్లో సగం చదరాలు కావు. కత్తెరలతో, స్కేళ్ళతో అంత కష్టపడ్డామా! ఆవిడ కత్తెర ముట్టలేదు. చీర అంచున చిన్న గాటు పెట్టి, సర్రున చింపింది. ముక్క గీత గీసినట్టు వచ్చింది. నేత గుడ్డలో పడుగుపోగులూ పేకపోగులూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. చిరిగేటప్పుడు గుడ్డ పోగు వెంటే చిరుగుతుంది. అంటే లంబకోణం గుడ్డలోనే ఉంది, మనం గియ్యనక్కర్లేదు. తర్వాత ఆవిడ చింపిన పట్టీ మూలను ఐమూలగా మడిచి, అంచు అంచుకు కలిపి, మిగిలింది చింపేసింది. విప్పితే అచ్చమైన చదరం! ఎందుకయిందో రుజువు చెయ్యమని నేను పరీక్షలో అడిగాను. మీరూ ప్రయత్నించండి, కాగితంతోనైనా సరే.

కుట్ల దూరం కూడా ఆవిడే చెప్పింది. వరసకూ వరసకూ మధ్య మూడు వేళ్ళ ఎడం. మరీ ఎడమైతే లోపలి పొరలు జారి ఒక మూలకు ముద్దగా చేరతాయి. మరీ దగ్గరైతే బొంత అట్టలా అయిపోయి వెచ్చదనం పోతుంది. తాడు బిగించి కట్టిన చెంబు గుర్తుందా? కుట్టు పడిన ప్రతిచోటా గాలి నలిగిపోతుంది మరి. ఆవిడకు ఉష్ణవాహకత తెలియదు గాని మూడు వేళ్ళు తెలుసు.

నెలరోజులు పట్టింది. పుస్తకాల గదిలో ఇప్పుడు అదే పరుస్తున్నాం. వారానికొకసారి ఎండలో వేస్తాం. గ్రంథాలయపు స్టాకు రిజిస్టరులో దానికి నంబరు కూడా వేశాను. "రచయిత" అన్న గడిలో తొమ్మిదో తరగతి అనీ, "పుటలు" అన్న గడిలో 48 అనీ రాశాను. ధర గడి దగ్గర చాలాసేపు ఆలోచించి, దారం ఖర్చు వేశాను.

ఈ ఏడు తొమ్మిదో తరగతివాళ్ళు కొత్తగా వచ్చారు. వాళ్ళకు చదరాలు పాతబడిపోయాయి. వేరే ఆకారం కావాలన్నారు. ఖాళీ లేకుండా నేలను పరచగల సమభుజులు మూడే ఉన్నాయి. త్రిభుజం, చదరం, షడ్భుజి. పంచభుజి పనికిరాదు. దాని కోణం 108 డిగ్రీలు కనుక, మూడు కలిపితే 324 అయి ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. త్రిభుజం ముక్కలకు ఒక అంచైనా ఐమూలగా వస్తుంది. పోగుకు అడ్డంగా తెగిన గుడ్డ సాగిపోయి కుట్టనివ్వదు. షడ్భుజికీ ఆ బాధ ఉంది గాని, తేనెపట్టు అందం చూసి పిల్లలు దానికే ఓటు వేశారు. మామ్మగారితో చెబితే, "మూలలెక్కువైతే కుట్టెక్కువ" అంది.

నిజమా? వైశాల్యం ఒక్కొక్కదానికి 100 చదరపు అంగుళాలు అనుకుని లెక్క వేశాం. త్రిభుజానికి చుట్టుకొలత 45.6 అంగుళాలు. చదరానికి 40. షడ్భుజికి 37.2. మూలలు పెరిగినా కుట్టు తగ్గింది! మైనం పొదుపు కోసం తేనెటీగలు షడ్భుజిని ఎంచుకున్నాయని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. సమాన వైశాల్యాలుగా పంచడానికి అంతకంటే తక్కువ గోడ పట్టే అమరిక లేదని టామస్ హేల్స్ అనే గణితవేత్త 1999లో రుజువు చేశాడు. ఇదంతా పిల్లలు మామ్మగారికి బోర్డు మీద వేసి చూపించారు.

ఆవిడ శ్రద్ధగా విని, సూదిలో దారం ఎక్కించుకుంటూ, "తేనెటీగకేం బాబూ, మూలమూలకీ సూది తిప్పక్కర్లేదుగా" అంది.